గొంతు తగ్గని కమాండర్

రాజమౌళికి గుసగుసలాడటం రాదు.

నేర్చుకోక కాదు, గొంతు ఒప్పుకోక. మీసం మొలిచే వయసులో సిరిసిల్ల పక్క పల్లె నుంచి మేనమామ వెంట రైలెక్కి సూరత్‌లో దిగిన మనిషి, అప్పటి నుంచి ఇప్పటి దాకా సాంచాల మధ్యనే నిలబడ్డాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఒక్క సాంచా నడిస్తేనే పక్కింట్లో గిన్నెలు కదులుతాయి. వరసగా అన్నీ నడిచే కార్ఖానాలో మనిషి తన తుమ్ము తానే వినలేడు. అక్కడ మాట వినపడాలంటే గుండెలు పగిలేలా అరవాలి. ఆ అరుపు రాజమౌళి గొంతులో ఇల్లు కట్టుకుంది. ఆయన కోసాడ్ కాలనీ మూడో అంతస్తులో భార్య పద్మారాణి చెవిలో చెప్పే రహస్యం కింద కూరగాయల బండివాడికి అందుతుంది. ఒకసారి చుట్టాలు వచ్చి ఎంతకీ లేవకపోతే, పద్మారాణి వైపు వంగి, "వీళ్లు ఎప్పుడు పోతరే?" అని చాలా మెల్లగా అడిగాడు. చుట్టాలు చాయ్ గ్లాసులు సగంలోనే దించి చెప్పులేసుకున్నారు.

"జర మెల్లగ మాట్లాడరాదయ్యా!" అని పద్మారాణి తల కొట్టుకుంది.

"మెల్లగనే మాట్లాడిన గదనే!" అన్నాడు. ఆ మాటకు కింద బండివాడు పైకి చూసి చెయ్యి ఊపాడు.

అలాగని అరుపు తప్ప వేరే మాట లేదా అంటే, ఉంది. అది సాంచా మాట. మగ్గాలు నడుస్తుంటే ఎంతసేపని అరుస్తారు? అందుకని అసలు గొంతే వాడరు. పెదవులు కదుపుతారు, కనుబొమలు ఎత్తుతారు, వేళ్లు తిప్పుతారు. అటు చివరి నుంచి ఒకడు పెదవులతో "అన్నా, ఇయ్యాల టిఫిన్ల ఏముంది?" అంటే ఇటు చివరివాడు పెదవులతోనే "వంకాయ, నిన్నటిదే" అంటాడు. అందరికీ అర్థమవుతుంది. నేతపని వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకూ అది వచ్చు. పద్మారాణి చిన్నప్పుడు మగ్గాల పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టింది కాబట్టి ఇంకా బాగా వచ్చు. మొత్తానికి రాజమౌళి దగ్గర ఉన్నవి రెండే. ఒకటి ఊరంతా వినే గొంతు, రెండోది ఎవరికీ వినపడని గొంతు. మధ్యది లేదు.

ఈ గొంతును ఇంట్లో తిట్టారు, బస్సులో తిట్టారు, ఆసుపత్రి వరండాలో ఒక నర్సమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. లోకంలో ఒకే ఒక్క చోట మాత్రం దానికి దండం పెట్టారు. అది చిరుతల రామాయణం స్టేజీ. లింబాయత్‌లో సూరత్ తెలుగు నేతన్నల సంఘం హాలు ఉంది. ప్రతి ఏడూ మార్కండేయ జయంతికి అక్కడ నేతపని వాళ్లే వేషాలు వేసి, చేతిలో చిరుతలు, అంటే చెక్క తాళాలు, మోగించుకుంటూ, గుండ్రంగా తిరుగుతూ రామాయణం ఆడతారు. మొదటిసారి రాజమౌళికి మూడు మాటలు కూడా లేని రాక్షసుడి వేషం ఇచ్చారు. తెర వెనక నుంచి ఒక్క రంకె వేశాడు. ముందు వరసలో కునుకు తీస్తున్న ముసలమ్మ లేచి చేతులు జోడించింది. మరుసటి ఏడాదికే ఆయన రావణుడు. ఆ తర్వాత ఇంకెవరూ ఆ కిరీటం ముట్టుకోలేదు.

చిరుతల ఆటలో ఒక పద్ధతుంది. వేషగాడు తెర వెనక నిలబడతాడు. బయటి నుంచి గురువు, "ఎవరయ్యా తమరు? ఏ ఊరు? ఏం పేరు?" అని అడుగుతాడు. అడిగాక ఆగకూడదు. తెర దించుకుని, అడుగులేస్తూ, తన పేరు, తండ్రి పేరు, తను గెలిచిన యుద్ధాలు, తన బిరుదులు అన్నీ చెప్పుకుంటూ రావాలి. రాజమౌళికి ఆ ప్రశ్న వింటే చాలు, కాళ్లు వాటంతట అవే లేస్తాయి. ఇంటికి గ్యాసు బండ తెచ్చినవాడు తలుపు కొట్టి "కౌన్?" అంటే కూడా ఆయన ఛాతీ ఒక అంగుళం ముందుకొస్తుంది.

అలాంటి మనిషి నెత్తిన ఆ ఏడు పిడుగు పడింది.

సంఘం మీటింగులో అధ్యక్షుడు పరుశురాం లేచి నిలబడ్డాడు. ఈయన కూడా ఒకప్పుడు సాంచా నడిపినవాడే. ఇప్పుడు చీరల దుకాణం ఉంది, భుజాన కండువా ఉంది. ఎవరూ మాట్లాడకపోయినా చెయ్యెత్తి "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అనడం ఆయన అలవాటు. కండువా ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చి, గొంతు సవరించి, మళ్లీ ఎడమ భుజానికి మార్చి అప్పుడు మొదలుపెడతాడు.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. పోయిన ఏడు రామాయణం చూసినోళ్లకంటే ఆడినోళ్లే ఎక్కువున్నరు. మన పోరగాండ్లు హిందీల మాట్లాడ్తరు, గుజరాతీల నవ్వుతరు. వాళ్లకు రావణుడేం సమజైతడు? ఈసారి కొత్త నాటకం పెడుతున్నం. అది చూసుకుంట కూడ జనం లేచిపోయిన్రనుకో, వచ్చే ఏడు సంది స్టేజీయే ఉండది. డీజే పెట్టుడే. చిరుతలు మూటగట్టి అటక మీద పెట్టుండ్రి."

రాజమౌళి నోట మాట రాలేదు. ఆయన నోట మాట రాకపోవడం చూసి పక్కన కూర్చున్న గంగారాం భయపడ్డాడు. గంగారాం ఆయనతో ఒకే కార్ఖానాలో పని చేస్తాడు, రామాయణంలో ఎప్పుడూ మారీచుడు.

కొత్త నాటకం రాసినది శరత్. అడాజన్‌లో కంప్యూటర్ల ఉద్యోగం, గుంటూరు వైపు కుర్రాడు. ఒక దసరాకు సంఘం భోజనాలకు వచ్చి, వాళ్ల పచ్చిపులుసుకు లొంగిపోయి ఇక వదల్లేదు. నాటకం పేరు 'కమాండర్'. ఎక్కడో కొండల దేశంలో, మతం పేరు చెప్పి తుపాకులు పట్టిన ముఠాలకు పెద్ద నాయకుడైన ఒకడి జీవితం.

"ఎవరో ఒక్కడి కథ కాదండీ," అన్నాడు శరత్. "చాలామంది గురించి చదివి, అందరినీ కలిపి ఒకణ్ణి తయారు చేశాను. బాగా చదువుకున్నవాడు, మందుల దుకాణం పెట్టుకోవాల్సినవాడు. చిన్న ముఠాలో చేరి, దానికి పెద్దయి, చివరికి ప్రపంచమంతా వెతికే మనిషి అవుతాడు. పదేళ్లు దాక్కుని బతుకుతాడు. కిటికీ తెరవడు, పేరు చెప్పడు, గుసగుసగా తప్ప మాట్లాడడు. ఆఖర్న దొరికిపోయి చస్తాడు."

"వేషం ఎవరేస్తరు?" అన్నారెవరో.

పరుశురాం కండువా మార్చాడు. "రావణుడు ఖాళీగనే ఉన్నడు గద. ఆయననే పెట్టుండ్రి."

హాలంతా రాజమౌళి వైపు చూసింది. గుసగుసగా తప్ప మాట్లాడని మనిషి వేషం!

"నేను చేస్త!" అన్నాడు రాజమౌళి. ఫ్యాను మీద పావురం లేచిపోయింది.

రిహార్సల్స్ ఆదివారం మధ్యాహ్నాలు పెట్టారు. మొదటిరోజే ఆఖరి సీను తీసుకున్నాడు శరత్. చీకటి గది. దండెం మీద ఆరేసిన బట్టలు. కమాండర్, వెంట ఒకే ఒక్క అనుచరుడు. అనుచరుడు గంగారాం. బయట మిలటరీ బూట్ల చప్పుడు. కమాండర్ అనుచరుడి చెవిలో, "చప్పుడు చెయ్యకు. వాళ్లు వచ్చేశారు" అనాలి.

"చప్పుడు చెయ్యకు!" అన్నాడు రాజమౌళి.

గంగారాం చెవి మూసుకుని కింద కూర్చున్నాడు. ఎదురుగా చెప్పుల దుకాణం సేఠ్ తొంగి చూసి "శు థయు?" అని, ఏమైందని గుజరాతీలో అడిగాడు.

"రాజమౌళి గారూ, ఇంకొంచెం తగ్గించండి," అన్నాడు శరత్.

"తగ్గించిన బాబూ!"

"కాలర్ మైకు పెడతాను. మీరు ఊపిరి వదిలినంత మెల్లగా అన్నా అందరికీ వినపడుతుంది."

రాజమౌళి ఊపిరి వదిలినంత మెల్లగా అన్నాడు. కిటికీ అద్దం జిల్లుమంది.

ఇదొక కష్టమైతే, రెండోది ఇంకా పెద్దది. కథ ప్రకారం మిలటరీవాడు తలుపు కొట్టి "లోపల ఎవరు?" అంటాడు. కమాండర్ ఊపిరి బిగబట్టి, దుప్పటి కప్పుకుని మూలకు నక్కాలి. శరత్ బల్ల మీద దబదబ కొట్టి "లోపల ఎవరు?" అన్నాడో లేదో, రాజమౌళి దుప్పటి విసిరికొట్టి, కుడికాలు లేపి, మీసం దువ్వి, "ఎవరని అడిగితివా! కొండలనేలే కమాండర్‌నురా!" అని రాగం ఎత్తుకుని అడుగులేసుకుంటూ తలుపు దగ్గరికే పోయాడు. గంగారాం అలవాటు ప్రకారం లేని చిరుతలు మోగిస్తూ వెనకాలే తిరిగాడు.

శరత్ కుర్చీలో కూలబడ్డాడు. "అయ్యా, దాక్కున్నవాడండీ ఆయన. పదేళ్లుగా దాక్కున్నవాడు."

"అడిగిండ్లు గద బాబూ. అడిగితె చెప్పకుంట ఎట్లుంటం?"

ఎన్నిసార్లు చేసినా అంతే. అందరూ నవ్వీ నవ్వీ పొట్టలు పట్టుకున్నారు. రాజమౌళికి మాత్రం నవ్వు రాలేదు. ఆదివారాలు అయిపోతున్నాయి. తన వేషం చూసి జనం లేచిపోతే స్టేజీ పోతుంది. స్టేజీ పోతే ఈ గొంతును మోసుకుని ఎక్కడికెళ్లాలి? ఇంట్లో 'ఒర్రకు', బస్సులో 'ధీరే బోలో', బతికినన్నాళ్లూ అదేనా?

మరునాడు కార్ఖానాలో ఆయన ముఖం చూసి ముస్తకీం భాయ్ చేతిలో పానా పక్కన పెట్టాడు. ఈయన సాంచాలు బాగుచేసే మిస్త్రీ. మాలేగావ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, కోసాడ్‌లో రాజమౌళి కింద అంతస్తులోనే ఉంటాడు. నేతపని వాళ్లతో ఉండి ఉండి సగం తెలుగు, సగం హిందీ, మొత్తం సాంచా మాట నేర్చాడు. మగ్గాలు దడదడలాడుతుంటే ఇద్దరూ పెదవులతోనే మాట్లాడుకున్నారు.

"క్యా హువా మౌళి భాయ్? భాభీ కొట్టిందా?"

"నాటకం. కమాండర్ వేషం. వాడేం మనిషో నాకు పట్టుబడ్తలేదు భాయ్. రావణుడంటె ఎర్కనే. వీడు ఏం తింటడు, ఎందుకు కొట్లాడ్తడు, ఏం సమజ్ కాదు."

"స్టోరీ చెప్పు."

రాజమౌళి చెప్పాడు. తస్బీ మాల పట్టుకుని నమాజు చేస్తూ కనిపించే సీను దగ్గరికి రాగానే ముస్తకీం చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది తీసెయ్యమను. నమాజ్ మేం చేస్తం. మా అమ్మ చేస్తది, నేను జుమ్మాకు చేస్త. వాడు చేసేది వేరే దందా. తర్వాత?"

"తర్వాత పాత ముఠా ఇడిచిపెట్టి కొత్త ముఠా పెడ్తడు."

"ఎందుకు?"

"పెద్ద కుర్చీ ఇయ్యలేదని."

"తర్వాత?"

"అండ్ల నుంచి ఇంకోడు ఇడిపోయి ఇంకో ముఠా పెడ్తడు. అందరికి పేర్లు ఒక్కతీరుగనే ఉంటయి. ఒకన్నొకడు ద్రోహి అంటడు."

ముస్తకీం భుజాలు ఎగిరేలా నవ్వాడు. "అరె మౌళి భాయ్! నీకు సమజ్ కాలేదా? మీ సంఘం కాదా ఇది? మొదట ఒక్కటే ఉండె. లింబాయత్‌ది, గోడాదరాది, ఉధ్నాది అయింది. అందరూ అధ్యక్షులే, మెంబర్లు ఎవరూ లేరు. మా బిరాదరీ జమాత్ కూడ అంతే, చచ్చిపోయినా కుర్చీ వదలరు. వీడికి కుర్చీ పిచ్చే. ఫరక్ ఏందంటే, మీ పరుశురాం భాయ్ కుర్చీ కోసం టెంట్ హౌస్ బిల్లు ఇస్తడు, వాడు పక్కోళ్ల బిడ్డలను ఇస్తడు."

ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు ముస్తకీం నవ్వలేదు. పెదవులు మాత్రం కదిలాయి. రాజమౌళి వాటినే చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు ఎక్కడో దారం తెగి సాంచా ఆగింది. ఇద్దరూ ఉలిక్కిపడి పనిలో పడ్డారు.

ఆ సాయంత్రం నుంచి రాజమౌళి కొత్త మనిషి. కుర్చీ పిచ్చి అనగానే ఆయనకు దారి దొరికింది. పద్మారాణి చీరల మీద చమ్కీ రాళ్లు అంటిస్తూ కూర్చుంటే ఎదురుగా నిలబడి, తువ్వాలు ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చి, "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అన్నాడు.

పద్మారాణి గమ్ము చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది. తర్వాత ఆ నోరు తెరుచుకోవడానికి కాస్త కష్టమైంది. "అగో! అచ్చం పరుశురామన్నవే! వొద్దయ్యా. ముందట వరుసల కూసుంటడు. సమజైతే నిన్ను స్టేజీ మీంచి కాదు, సూరత్ నుంచే ఎళ్లగొడ్తడు."

"ఇంకెట్ల చేయాల్నే? నాకు ఎర్కైన కమాండర్ ఆయనొక్కడే."

జయంతి రోజు రానే వచ్చింది. పల్లకీలో దేవుణ్ణి ఊరేగించారు, పులిహోర పంచారు, సాయంత్రానికి హాలు నిండింది. జనం నాటకం కోసం వచ్చారో, తర్వాత పెట్టే మటన్ కోసం వచ్చారో చెప్పలేం.

తెర వెనక వేషం కట్టారు. ముస్తకీం తన పెళ్లినాటి పఠానీ కుర్తా ఇచ్చాడు. తెల్లగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉంది. ఇస్తూ బతిమాలాడు. "మౌళి భాయ్, రంగు పూయద్దు, కింద పడద్దు. మా ఇంటామెకు తెలియదు, బీరువా నుంచి చోరీ చేసిన. నువ్వు చస్తే చావు, కుర్తాకు ఏం కావద్దు."

గడ్డం పద్మారాణి పని. సాంచాల కింద రాలిన నల్ల దారం ఏరి, దువ్వి, ఛాతీ దాకా దిగే గడ్డం చేసింది. అంటించడానికి చీరల మీద రాళ్లు అంటించే గమ్మే వాడింది. దాంట్లో రాళ్లు కొన్ని కలిసిపోయి ఉన్నాయని ఎవరూ చూసుకోలేదు. లైట్లు పడగానే కమాండర్ గడ్డం పెళ్లికూతురి చీరలా తళతళలాడింది. పిల్లలు ఈలలు వేశారు. సీరియస్ నాటకం రాశాననుకున్న శరత్ తెర పక్కన తల పట్టుకున్నాడు.

మొదటి సీనులో కమాండర్ ముఠాలో చేరాలి. రాజమౌళి నోరు తెరిచి "అన్యాయం!" అన్నాడు. కాలర్ మైకు ఆ ఒక్క మాటకే కీచుమని, పెద్ద స్పీకరు ఠప్‌మని, ఇక మళ్లీ పలకలేదు. పొగ మిషను మాత్రం ఆగనంది. ముందు వరసలో పరుశురాం దగ్గుతూ కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. రెండో సీను, మూడో సీను ఎలాగో గడిచాయి. అవి అరుచుకునే సీన్లే కాబట్టి రాజమౌళి గొంతుకు మైకు అక్కర్లేదు. కానీ వెనక వరసల్లో పడుచువాళ్లు ఫోన్లు తీశారు. ఇద్దరు లేచారు. వాళ్ల వెనక ఇంకొకరు. పరుశురాం తల తిప్పి వాళ్లను చూసి, లెక్క తేలిపోయినట్టు పెదవి విరిచాడు. రాజమౌళి అది చూశాడు. 

ఆఖరి సీను వచ్చింది. దాక్కున్న గది. దండెం మీద బట్టలు. బూట్ల చప్పుడు.

"చప్పుడు చెయ్యకు!" అన్నాడు కమాండర్, హాలు దద్దరిల్లేలా.

"గట్ల ఒర్రితె మిలటరోల్లు రాకుంట ఉంటరా తాతా!" అని వెనక నుంచి ఎవడో కేక వేశాడు. జనం గొల్లుమన్నారు. అది ఆటను చూసి నవ్విన నవ్వు కాదు, ఆటగాడిని చూసి నవ్విన నవ్వు. తేడా రాజమౌళికి తెలుసు.  తర్వాతి మాట గుర్తు రాలేదు. ముందు వరస చివర కూర్చున్న పద్మారాణి వైపు చూశాడు.

ఆమె పెదవులు కదిలాయి. "సాంచా మాట మాట్లాడు."

ఆయన కనుబొమలెత్తాడు. "ఇక్కడా?"

"అందరు మనోళ్లే గద. మాట్లాడు."

రాజమౌళి గొంతు మూసేశాడు. మెల్లగా గంగారాం వైపు తిరిగి, పెదవులతో, వేళ్లతో అన్నాడు. "చప్పుడు చెయ్యకు. వాళ్లు వచ్చిన్రు."

హాలు ఒక్కసారి నిశ్శబ్దమైంది. సాంచాల దగ్గర ఒళ్లు హూనం చేసుకునే వాళ్లందరూ అలవాటు కొద్దీ మెడలు చాచి ఆ పెదవుల మీద కళ్లు పెట్టారు. ఫోన్లు కిందికి దిగాయి. పిల్లలు "ఏమన్నడే?" అని తల్లుల్ని గోకితే, తల్లులు మెల్లగా చెప్పసాగారు. లేచినవాళ్లు గుమ్మం దగ్గరే ఆగి, తిరిగి చూశారు.

గంగారాం కూడా సాంచా మనిషే. పెదవులతో అడిగితే పెదవులతోనే జవాబు చెప్పడం తప్ప ఏం తెలుసు? శరత్ రాసిన మాటలు గొంతుకు నేర్పాడు కానీ పెదవులకు నేర్పలేదు. వాటికి తోచింది అవి అన్నాయి.

"భాయ్, కూరగాయలు అయిపోయినయి."

కమాండర్ దండెం మీది తువ్వాలు తీసి వేసుకుని, ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చాడు. చెయ్యెత్తాడు. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. ముందుగాల మీటింగు. మన ముఠాల ఇప్పుడు ఎవరెవరున్నరు?"

"నువ్వు, నేను."

"అధ్యక్షుడెవరు?"

"నువ్వే."

"మరి నువ్వు?"

గంగారాం సిగ్గుపడుతూ దండెం మీది లుంగీ సర్దాడు. "నేను నిన్ననే వేరే ముఠా పెట్టుకున్న."

హాలు పగిలిపోయింది. ఒక పెద్దాయన పక్కవాడి తొడ మీద చరిచి చరిచి, అది తన తొడ కాదని చాలాసేపటికి తెలుసుకున్నాడు. మజ్జిగ గ్లాసు ఒలికింది, ఎవరి పళ్లసెట్టో జారింది. ముస్తకీం గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. శరత్ ఒక్కడు ఏమీ అర్థం కాక పద్మారాణి పక్కకు పరుగెత్తి, "ఏమంటున్నారండీ, ఏమంటున్నారు?" అని అడిగాడు. ఆమె నవ్వుతూ చెబుతుంటే తనూ నోరు వెళ్లబెట్టి నవ్వాడు. పరుశురాం ముఖం మాత్రం కండువా వెనక ఉంది. నవ్వుతున్నాడో, మండిపోతున్నాడో తెలియలేదు.

కమాండర్ గడ్డం నిమిరాడు. వేళ్లకు రెండు రాళ్లు అంటుకుని వచ్చాయి. "అయితే పిలగాండ్లను పంపుదం."

"ఎవరి పిలగాండ్లను?"

"ఎవరోళ్లనన్న. నావోళ్లను తప్ప."

నవ్వు మధ్యలో తెగింది.

"పోయినసారి పంపినోళ్ల పేర్లేంది భాయ్? వాళ్ల అమ్మలు అడుగుతున్నరు."

 రాజమౌళికి ముస్తకీం పెదవులు గుర్తొచ్చాయి. తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు. "యాదికి లేవు."

హాల్లో పొగ మిషను బుసలు తప్ప ఏమీ వినపడలేదు. గోడ దగ్గర ముస్తకీం తల ఒకసారి దించి ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే తెర పక్క నుంచి మిలటరీ వేషం కట్టినవాడు బల్ల మీద దబదబ కొట్టి, "లోపల ఎవరు? పేరేంటి?" అని గర్జించాడు.

శరత్ కళ్లు మూసుకున్నాడు. పద్మారాణి కళ్లు మూసుకుంది. ఎందుకంటే రాజమౌళి కుడికాలు అప్పటికే లేచింది.

"ఎవరని అడిగితివా!"

ఇంతసేపూ మూసి ఉంచిన గొంతు ఒక్కసారి తెరుచుకుంది. లైట్లు వణికాయి. గుక్క తిప్పుకోకుండా పేరు చెప్పాడు, మారు పేర్లు చెప్పాడు, పెట్టిన ముఠాలు, విడగొట్టిన ముఠాలు, కూర్చున్న కుర్చీలు అన్నీ చెప్పాడు. దుప్పటి తొక్కుకుంటూ, గుండ్రంగా తిరుగుతూ, నేరుగా తలుపు దగ్గరికే పోయాడు. గంగారాం ఆపుకోలేక వెనకాల చేతులు చరుస్తూ తిరిగాడు. హాల్లో పెద్దవాళ్ల చేతులు అదే దరువులో పడ్డాయి. పిల్లలు బెంచీలెక్కారు. ఇన్నేళ్లు దాక్కున్న మనిషి, అడిగితే చాలు, బిరుదులు చెప్పుకోకుండా ఉండలేక దొరికిపోయాడు! అది శరత్ రాసిన చావుకంటే బాగుంది.

తుపాకీ పేలింది. కమాండర్ ఒరిగాడు. పడబోతూ గోడ దగ్గర ముస్తకీం ముఖం చూశాడు. వెంటనే సర్దుకుని, కుర్తా అంచులు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, దుమ్ము లేని చోటు చూసుకుని, దుప్పటి పరుచుకుని, దాని మీద జాగ్రత్తగా పడుకుని చచ్చిపోయాడు.

"వన్స్ మోర్!" అని హాలు అరిచింది. రాజమౌళి లేచి మళ్లీ చచ్చాడు. ఇంకోసారన్నారు. గంగారాం దుప్పటి దులిపి పరిచాడు.

అప్పుడు పరుశురాం లేచి స్టేజీ ఎక్కాడు. చప్పట్లు సన్నగిల్లాయి. పద్మారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మైకు ముందు నిలబడి, కండువా ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చి, చెయ్యెత్తి, "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అన్నాడు. మైకు పని చేయలేదు కానీ ఆ పెదవులను అందరూ చదివారు. హాలు మళ్లీ పగిలిపోయింది. ఆయన ఆశ్చర్యంగా అటూ ఇటూ చూసి, తన మాటకు ఇంత గిరాకీ ఎన్నడూ లేదని మురిసిపోయాడు.

నవ్వు తగ్గేదాకా ఆగి, పాత రోజుల్లోలా పెదవులతోనే చెప్పాడు. "డీజే లేదు, గీజే లేదు. వచ్చే ఏడు రామాయణమే. రావణుడు ఈనే. పోరగాండ్లు సాంచా మాట నేర్చుకోని రావాలె."

తర్వాత రాజమౌళి భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గరికి వంగాడు. కళ్లు నవ్వుతో తడిగా ఉన్నాయి. "ఒరే మౌళీ, గా గోడాదరా సంఘం అధ్యక్షున్ని ఎంత మంచిగ దించినవురా! సేమ్ వాడే. కండువ మార్చుడు, ఒక్క నిమిషమనుడు... నాకైతే చూస్తుంటెనే సమజైంది."

రాజమౌళి నోరు తెరిచాడు. అటు చివర పద్మారాణి పెదవులు చకచకా కదిలాయి. "నోరు మూసుకో! అవునను!"

"అవునన్నా," అన్నాడు రాజమౌళి, మెల్లగానే. పరుశురాం చెవి రుద్దుకుంటూ దిగిపోయాడు.

మటన్ దగ్గర వరస కదులుతుంటే ముస్తకీం కుర్తాను ముందూ వెనకా తిప్పి చూసి, మచ్చ లేదని దువా చేశాడు. శరత్ గడ్డం పీకబోయాడు. రాలేదు. గంగారాం పీకాడు. చర్మం వచ్చేలా ఉంది కానీ గడ్డం రాలేదు. రాళ్ల గమ్ము పట్టు అలాంటిది మరి. రాజమౌళి తళతళలాడే గడ్డంతోనే విస్తరి ముందు కూర్చుని, ఆడవాళ్ల వరసలో ఉన్న పద్మారాణికి గొంతు లేకుండా చెప్పాడు. "ఇది ఊడకపోతె రేపు కార్ఖానా సేఠ్ ఏమంటడే?"

ఆమె కూడా గొంతు లేకుండానే అంది. "ఎవరని అడుగుతడు. అడిగితె చెప్పుకుంట పో."

రహస్యంగానే అనుకున్నారు. కానీ వరస వరసంతా ముద్ద ఆపి నవ్వింది.